హైటెన్షన్ లైను పక్కన ఇల్లు: ఎన్ని మీటర్లుంటే కొనొచ్చు?

అదే వెంచర్, అదే రోడ్డు, అదే 200 గజాలు. టవర్ లైను వైపున్న ప్లాటుకు మాత్రం ధర తగ్గించి చెబుతారు. కొందరు ‘క్యాన్సర్ వస్తుందట’ అని అక్కడి నుంచే వెనుదిరుగుతారు. ఇంకొందరు ‘పక్కన ఇంతమంది ఉండట్లేదా’ అని అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఇద్దరూ అడగకుండా వదిలేసే ప్రశ్న ఒకటుంది: అది ఎన్ని కేవీ లైను, ఇంటికి ఎన్ని మీటర్లు? ఈ రెండు అంకెలూ తెలిస్తే అక్కర్లేని భయం పోతుంది. ఉండాల్సిన భయం ఏదో కూడా తెలుస్తుంది.

ముందు లైను ఏదో తేల్చుకోండి

టవర్‌కు బిగించిన బోర్డు మీద లైను పేరు, కేవీ, టవర్ నంబరు రాసి ఉంటాయి. బోర్డు ఊడిపోయి ఉంటే, తీగను వేలాడదీసిన చోట పింగాణీ ఇన్సులేటర్ బిళ్లలు లెక్కపెట్టండి. నిలువు దండలో దాదాపు 9 ఉంటే 132 కేవీ, 14 ఉంటే 220 కేవీ, 23 ఉంటే 400 కేవీ. కొత్త లైన్లకు బిళ్లల బదులు పొడవాటి పాలిమర్ కడ్డీలు వాడుతున్నారు. అలాంటప్పుడు ట్రాన్స్‌కో వాళ్లను అడగడమే మేలు. వీధి స్తంభాల మీద మూడు తీగలతో పోయేవి సాధారణంగా 11 కేవీ లైన్లు. వాటిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. తప్పు అక్కడే జరుగుతుంది.

మొదటి లెక్క: షాక్

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) భద్రతా నిబంధనల ప్రకారం, భవనానికీ తీగకూ మధ్య కనీసం ఉండాల్సిన దూరం ఇది:

- 11 కేవీ: పైకి 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు
- 33 కేవీ: పైకి 3.7, పక్కకు 2 మీటర్లు
- 132 కేవీ: పైకి 4.6, పక్కకు 2.9 మీటర్లు
- 220 కేవీ: పైకి 5.5, పక్కకు 3.8 మీటర్లు
- 400 కేవీ: పైకి 7.3, పక్కకు 5.6 మీటర్లు

తీగ పూర్తిగా సాగి కిందికి జారినప్పుడు, గాలికి ఇంటివైపు ఊగినప్పుడు కూడా ఇంత దూరం మిగలాలి. డిసెంబరు ఉదయం చూసిన ఎత్తు మే నెల మధ్యాహ్నం ఉండదు. ఎండకు, లోడుకు తీగ వేడెక్కి సాగుతుంది. కాబట్టి కంటి అంచనా పనికిరాదు. అలాగని డాబా ఎక్కి కర్రతోనో, స్టీలు టేపుతోనో కొలవబోకండి. హైటెన్షన్ తీగను ముట్టుకోనక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్తే చాలు ప్రమాదం. లేజర్ మీటరున్న సర్వేయర్ చేత కొలిపించండి.

మన దేశంలో కరెంటు షాక్‌తో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల విభాగం లెక్కలు చెబుతున్నాయి. ఇవన్నీ ఇళ్ల పక్క తీగల వల్లే కాదు. కానీ రెండో అంతస్తు బాల్కనీకి ఎదురుగా పోయే 11 కేవీ లైను ఎంత దూరంలో ఉందో ఒకసారి ఊహించుకోండి. నిబంధన అడిగే 1.2 మీటర్లంటే నాలుగడుగులు. అటకకు ఎక్కించాల్సిన అల్యూమినియం నిచ్చెనను బాల్కనీలో అటూ ఇటూ తిప్పితే ఆ నాలుగడుగులూ క్షణంలో అయిపోతాయి. స్లాబు పనికి ఇనుప కడ్డీలు పైకి లాగే కూలీలకు పొంచి ఉన్న ప్రమాదమూ ఇదే. ‘తర్వాత ఇంకో అంతస్తు లేపుకుందాం’ అనే ఆలోచన ఉంటే ఆ అంతస్తుకు మరో 3 మీటర్లు కలిపి చూసుకోండి.

రెండో లెక్క: గజాలు

ఉన్న లైను కింద కొత్తగా ఇల్లు కట్టకూడదు. పైగా పెద్ద లైన్లకు ఒక కారిడార్ ఉంటుంది. దాని వెడల్పు 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35, 400 కేవీకి 46. లైను మధ్య నుంచి అటు సగం, ఇటు సగం.

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న 200 గజాల ప్లాటు తీసుకుందాం. వెనక హద్దు సరిగ్గా 132 కేవీ లైను మధ్య గీత మీద ఉందనుకోండి. కారిడార్‌లో సగం 13.5 మీటర్లు, అంటే 44 అడుగులు. ఆ 44 అడుగులూ పోతే లోతులో మిగిలేది 16 అడుగులు, అంటే 53 గజాలు. అందులో మళ్లీ ముందు సెట్‌బ్యాక్ వదలాలి. రిజిస్ట్రేషన్ మాత్రం 200 గజాలకూ అవుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల జీవో 168 ఇంకో మాట కూడా చెబుతుంది. లేఅవుట్‌లో టవర్ లైను కింద టవర్ పునాది వెడల్పున పచ్చదనం వదిలి, దానికి రెండు వైపులా కనీసం 10 మీటర్ల రోడ్డు వేయాలి. వెంచర్‌లో రోడ్డు ఉండాల్సిన చోట ప్లాటు నంబరు కనిపిస్తే ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను తెప్పించుకుని చూడండి.

మూడో లెక్క: క్యాన్సర్

ఎక్కువమందిని ఆపేది ఈ భయమే. లైన్ల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని మైక్రోటెస్లాల్లో కొలుస్తారు. ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంస్థ 2010లో ప్రజలకు పెట్టిన పరిమితి 200 మైక్రోటెస్లాలు. దీర్ఘకాల ప్రభావాల గురించి పరిశోధకులు మాట్లాడే అంకె వేరు, అది 0.4. సగటున ఆ స్థాయి దాటిన ఇళ్లలోని పిల్లల్లో లుకేమియా సుమారు రెట్టింపు కనిపించిందని 2000లో పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. దాని ఆధారంగానే 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఈ క్షేత్రాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న 2బి జాబితాలో పెట్టింది. కారణం ఇదేనని మాత్రం రుజువు కాలేదు. బ్రిటన్‌లో 1960లలో లైన్ల దగ్గర పుట్టిన పిల్లల్లో కనిపించిన తేడా తర్వాతి దశాబ్దాల్లో తగ్గిపోయిందని 2014లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. తీగలే కారణమైతే అలా తగ్గకూడదు.

‘రెట్టింపు’ అన్న మాటను కూడా అంకెల్లోనే చూడాలి. పాశ్చాత్య దేశాల్లో లక్ష మంది పిల్లల్లో ఏడాదికి నలుగురైదుగురికి లుకేమియా వస్తుంది. రెట్టింపంటే ఎనిమిది నుంచి పది మంది.

ఇప్పుడు దూరం. తీగల మధ్య 5 మీటర్ల ఎడం, 300 ఆంపియర్ల కరెంటు ఉన్న ఒకే సర్క్యూట్ 220 కేవీ లైను అనుకుని లెక్కకడితే, తీగల నుంచి 20 మీటర్ల దూరంలో సుమారు 1.3 మైక్రోటెస్లాలు, 36 మీటర్ల దగ్గర 0.4, 72 మీటర్ల దగ్గర 0.1 వస్తాయి. దూరం రెట్టింపైతే క్షేత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. అదే పద్ధతిలో మీటరు ఎడంతో 100 ఆంపియర్లు మోసే 11 కేవీ లైను 3 మీటర్ల దూరంలో ఉంటే 3.8 మైక్రోటెస్లాలు. పడకగది కిటికీ పక్కనున్న వీధి లైను, 12 మీటర్ల దూరంలోని 220 కేవీ లైనుతో సమానమన్నమాట. గోడలు విద్యుత్ క్షేత్రాన్ని చాలావరకు ఆపుతాయి కానీ అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేవు. అనుమానం తీరకపోతే గాస్ మీటరుతో, కరెంటు వాడకం ఎక్కువగా ఉండే సాయంత్రం వేళ పడకగదిలో కొలిపించండి.

నాలుగో లెక్క: ధర

కారిడార్ కిందికి వచ్చే భూమికి నష్టపరిహారంగా కేంద్ర విద్యుత్ శాఖ 2015లో భూమి విలువలో 15 శాతం దాకా ఇవ్వాలంది. 2024 జూన్‌లో దాన్ని 30 శాతం చేసింది. భూమి యజమాని పేరునే ఉన్నా వాడుకునే హక్కు తగ్గినందుకు ప్రభుత్వమే కట్టిన వెల ఇది. బేరానికి కూర్చున్నప్పుడు కారిడార్‌లో పడే గజాలకు కనీసం ఈ కోత అడగండి. అసలు కట్టుకోవడానికే వీల్లేని గజాలకు ఇంకా ఎక్కువ అడిగినా అన్యాయం కాదు. ‘త్వరలో తీగలు తీసేస్తారు’ అన్న మాటకు రాతపూర్వక అనుమతి చూపించకపోతే పైసా కూడా కలపొద్దు. ఈరోజు మీకొచ్చిన అనుమానమే రేపు మీ దగ్గర కొనేవాళ్లకూ వస్తుంది.

మొత్తమ్మీద, పెద్ద లైను కారిడార్‌లో పడే ఇల్లు, బాల్కనీకి సీఈఏ చెప్పిన దూరం లేని ఇల్లు ఎంత చౌకగా వచ్చినా వద్దు. కారిడార్ దాటి, 40 మీటర్ల లోపు ఉంటే కొలిపించి, ధర తగ్గించి, చిన్నపిల్లల పడకగదిని లైనుకు దూరంగా పెట్టుకునే వీలుంటే తీసుకోవచ్చు. 70 మీటర్లు దాటాక ఆ టవర్ గురించి ఆలోచించడం మానేసి, గేటు ముందున్న స్తంభం వైపు చూడండి.