నీటిలో తూచిన బంగారం

కుదువకు వచ్చిన నగను త్రాసులో వేసిన మరుక్షణమే దాని బరువు తెలిసిపోతుంది. అది ఏ లోహమో మాత్రం త్రాసు చెప్పదు. 50 గ్రాముల ఇత్తడి, 50 గ్రాముల బంగారం దాని దృష్టిలో సమానమే. బిడ్డ పెళ్ళికో, పంట పెట్టుబడికో, ఆసుపత్రి ఖర్చుకో ఇంటి బంగారాన్ని తాకట్టు పెట్టుకొనే దేశంలో ఇది చిన్న విషయం కాదు. నగలో బంగారం తక్కువైతే అప్పిచ్చినవాడు నష్టపోతాడు. ఉన్న బంగారాన్ని తక్కువగా కడితే నగ తెచ్చిన ఇల్లాలు నష్టపోతుంది. గీయకుండా, కరగించకుండా నగ లోపలి సంగతి తెలుసుకొనే ఉపాయం ఉన్నదా?

ఉన్నది. సున్నితమైన త్రాసు, గిన్నెడు నీళ్ళు చాలు.

కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని పిల్లలను ఆటపట్టించడం మన ఇళ్ళలో పాత వేడుక. తడబడిన పిల్లవాడు నిజానికి పూర్తిగా పొరబడలేదు. అతని మనసులో మెదిలినది బరువు కాదు, సాంద్రత. ఒక వస్తువులోని ద్రవ్యరాశిని అది ఆక్రమించిన ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేదే సాంద్రత. గాజును రెండు ముక్కలు చేస్తే ద్రవ్యరాశి సగమవుతుంది, ఘనపరిమాణమూ సగమవుతుంది. వాటి నిష్పత్తి మాత్రం చెక్కుచెదరదు. అందువల్లనే అది వస్తువు గుణం కాక, వస్తువు తయారైన పదార్థపు గుణం అయింది. ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగుతుంది, వెండి 10.5, రాగి సుమారు 9 గ్రాములు.

బంగారానికి ఇంత సాంద్రత ఎందుకు? దాని పరమాణువులు మరీ దగ్గరగా కిక్కిరిసి ఉండడం వల్ల అనుకోవడం సహజం. వాస్తవం వేరు. బంగారం, వెండి పరమాణువులు దాదాపు ఒకే పరిమాణం గలవి. స్ఫటికంలో అవి పేర్చబడిన తీరు కూడా ఒక్కటే. కాని వెండి పరమాణు భారం 108 అయితే బంగారానిది 197. ఒకే కొలత గల గదులలో బరువైన కాపురస్థులు చేరినట్లన్నమాట. ఈ రెండు భారాల నిష్పత్తి, రెండు లోహాల సాంద్రతల నిష్పత్తి ఇంచుమించు సమానంగా ఉండడం ఇందుకు నిదర్శనం.

ఈ తేడాను మోసం పట్టడానికి వినియోగించిన తొలి వ్యక్తిగా లోకం ఆర్కిమెడిస్‌ను చెప్పుకొంటుంది. సిరక్యూస్ రాజు హీరో చేయించిన బంగారు కిరీటంలో వెండి కలిసిందన్న అనుమానం, స్నానపు తొట్టి, పొర్లిన నీరు, వీధిలో పరుగు - ఈ కథ అందరికీ తెలిసినదే. అయితే దీనిని మనకు అందించిన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, ఆర్కిమెడిస్ మరణించిన సుమారు రెండు వందల సంవత్సరాల తరువాత వ్రాశాడు. కథను కాస్త లెక్కకట్టి చూస్తే సందేహం కలుగుతుంది. కిలో తూగే కిరీటం మేలిమి బంగారమైతే సుమారు 52 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగిస్తుంది. అందులో 300 గ్రాములు వెండి అయితే సుమారు 65. తేడా 13 ఘన సెంటీమీటర్లు. కిరీటం పట్టేటంత, అంటే 20 సెంటీమీటర్ల వ్యాసం గల పాత్రలో, ఈ తేడాకు నీటిమట్టం అర మిల్లీమీటరైనా పెరగదు. తడిసిన కిరీటానికి అంటుకొని వచ్చే నీరే అంతకంటె పెద్ద పొరపాటు తేగలదు.

ఇటువంటి అనుమానమే 1586లో ఇరవై రెండేళ్ళ గెలీలియోకు కలిగింది. ఆర్కిమెడిస్ వంటి మేధావి ఇంత మొరటు పద్ధతిని అనుసరించి ఉండడని అతడు భావించి, ‘చిన్న త్రాసు’ అనే పేరుతో ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. వస్తువును గాలిలో ఒకసారి, నీటిలో వ్రేలాడదీసి మరొకసారి తూచాలి. తగ్గిన బరువు అది తొలగించిన నీటి బరువే కనుక ఘనపరిమాణం దానంతట అదే తేలుతుంది. పాత్రలో అర మిల్లీమీటరుకు లొంగని తేడా, త్రాసులో 13 గ్రాములై ఎదుట నిలుస్తుంది. త్రాసుకోలకు గెలీలియో సన్నని తీగను ఒత్తుగా చుట్టాడు. కంటికి అందని ఆ చుట్లను, వాడి ములికిని మెల్లగా దానిపై లాగుతూ, చెవితో విని, చేతితో తెలిసి లెక్కించవచ్చునని వ్రాశాడు. సాధనాల చరిత్రలో ఇంత ముచ్చటైన ఉపాయాలు అరుదు.

అతనికి ఐదు శతాబ్దాలకు పైగా ముందే అల్‌బిరూనీ ఈ విద్యలో ఆరితేరాడు. భారతదేశాన్ని గురించి గొప్ప గ్రంథం వ్రాసిన ఆ పండితుడే శంకువు ఆకారపు పాత్రకు సన్నని గొట్టం అమర్చి, వస్తువును ముంచినప్పుడు దాని గుండా బయటికి వచ్చిన నీటిని తూచి, లోహాలకూ రత్నాలకూ సాంద్రతలు నిర్ణయించాడు. నేటి విలువలకు అవి ఆశ్చర్యం కలిగించేటంత దగ్గరగా ఉన్నాయి. మన వైపు ఈ పరీక్షకంటె గీటురాయికే ఆదరణ ఎక్కువ. కౌటిల్యుని అర్థశాస్త్రం గీటురాయి పరీక్షను వివరించడమే కాక, దొంగ త్రాసులు మొదలు పైపూతల వరకు బంగారం పనిలోని మోసాలను పేరుపేరునా పేర్కొన్నది. గీటు నగ పైపొరను మాత్రమే చూస్తుంది. నీరు నగ మొత్తాన్నీ చూస్తుంది.

అయినా నీటి సాక్ష్యానికి హద్దులున్నాయి. వాటిని తెలియనివాడి చేతిలో అది అన్యాయమే చేస్తుంది. 22 క్యారట్ల బంగారంలో మిగిలిన భాగం రాగి అయితే సాంద్రత సుమారు 17.6. బంగారంలో వెండి మాత్రమే కలిసి, వన్నె 21 క్యారట్లకు కాస్త ఎక్కువగా ఉన్న నగకూ సరిగా అదే 17.6 వస్తుంది. కలిసినది ఏ లోహమో ముందుగా తెలియకపోతే సంఖ్య ఒక్కటే వన్నెను తేల్చలేదు. లక్క నింపిన గుండ్లు, రాళ్ళు పొదిగిన హారాలు ఈ పరీక్షకు పనికిరావు. ఇక గాలిబుడగ: 50 గ్రాముల గాజు మడతలో కందిగింజంత బుడగ చిక్కుకొంటే చాలు, 17.6 కావలసినది 17కు పడిపోతుంది. బుడగలు పోయేవరకు నగను నీటిలో కదిలించే ఓపిక లేని మదింపుదారు మంచి నగను కల్తీ అని తోసివేయవచ్చు.

భారత ప్రమాణాల సంస్థ 2000లో బంగారు నగలకు ప్రారంభించిన హాల్‌మార్కింగ్‌ను 2021 జూన్ 16 నుండి, మొదటి దశలో 256 జిల్లాలలో, తప్పనిసరి చేశారు. అక్కడ తుది తీర్పు పుటం పరీక్షది. నగ నుండి తీసిన చిన్న నమూనాను సీసంతో కరగిస్తే రాగి వంటివి సీసంతో పాటు మూసలోకి ఇంకిపోతాయి. వెండిని నత్రికామ్లం కరగించివేస్తుంది. మిగిలిన బంగారాన్ని తూస్తారు. కచ్చితమైన పద్ధతే, కాని నమూనా కోల్పోక తప్పదు. ఇంటి పెట్టెలోని నానమ్మ గొలుసుకు ఆ ముద్ర ఎలాగూ ఉండదు.

నీటిని నిజంగా ఓడించిన లోహం ఒకటున్నది: టంగ్‌స్టన్. దాని పరమాణువు బంగారపు పరమాణువు కంటె తేలికైనదే, కాని అవి మరింత దగ్గరగా పేర్చబడి ఉండడం వల్ల సాంద్రత 19.25కు చేరింది. కిలో కడ్డీలో సగం టంగ్‌స్టన్ దాచినా ఘనపరిమాణంలో వచ్చే తేడా ఒకటి రెండు నీటి చుక్కలే. 2012లో న్యూయార్క్ వర్తకుల చేతికి ఇటువంటి కడ్డీలు వచ్చాయి. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలకు పైబడితేగాని కరగదు గనుక అది బంగారంలో కలిసిపోదు; లోపల కడ్డీగా దూర్చవలసిందే. అందుకే నేడు అనుమానపు కడ్డీలలోకి అతిధ్వని తరంగాలను పంపుతున్నారు. బంగారంలో శబ్దం సెకనుకు సుమారు 3,200 మీటర్లు పోతుంది, టంగ్‌స్టన్‌లో 5,200. కడ్డీ మందం ముందే తెలుసు కనుక, ఆవలి అంచును తాకిన ప్రతిధ్వని లెక్కకు ముందే తిరిగి వచ్చినా, దారి మధ్యలోనే మరొక ప్రతిధ్వని పుట్టినా, ఆ కడ్డీని రంపం కిందికి పంపుతారు.