ముదిమిలో కండరములు - ప్రాణవాయువు చేయు చేటు

బల్కంపేట ఎల్లమ్మ దర్శనము చేసికొని నాయనమ్మ, మనుమడు అమీర్‌పేట మెట్రో స్టేషనుకు వచ్చిరనుకొందము. మనుమడు మెట్లన్నియు ఎక్కి పైనుండి పిలుచుచుండును. నాయనమ్మ సగములోనే కమ్మీ పట్టుకొని నిలుచును. ఇరువురి కండరములకును ఇంధనము ఒక్కటే, ఏ.టి.పి. అను పదార్థము. 1929లో దీనిని కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. భేదమంతయు ఆ ఇంధనము తయారగు చోటనే హెచ్చుగా నున్నది.

ఆ చోటులు కణములలోని మైటోకాండ్రియాలు. మనము పీల్చిన ప్రాణవాయువు అక్కడ ఆహారమునుండి వచ్చు ఎలక్ట్రానులను గ్రహించును. ఒక్కొక్క అణువునకు నాలుగేసి ఎలక్ట్రానులు చేరినచో మిగులునది నీరే, భయము లేదు. దారి తప్పి ఒక్కటే చేరినచో సూపర్ ఆక్సైడు పుట్టును. ఇది, దీని సంతతి, పొయ్యినుండి చిటిలిన నిప్పురవ్వల వంటివి. కణపు పొరలలోని క్రొవ్వును, ప్రోటీనులను, డి.ఎన్.ఏ.ను చెరుచును. నిలువ నూనె చెడి వాసన కొట్టుటకు కారణమైన మార్పు వంటిదే ఆ క్రొవ్వులోను జరుగును.

శరీరము చూచుచు ఊరకుండదు. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడొవిచ్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిన ఒక ఎంజైము సూపర్ ఆక్సైడును హైడ్రోజన్ పెరాక్సైడుగా మార్చును. ఇదియు హానికరమే గనుక కాటలేజు మొదలైన ఎంజైములు దానిని నీరుగా మార్చును. పొరలలో విటమిన్ ఇ కాపలా కాయును.

వయస్సు మీరిన కండరములో రవ్వలు హెచ్చును, చెడిన ప్రోటీనులు పేరుకొనును. ఎంజైములు తరిగిపోవుటయే దీనికి కారణమనుకొనుట పొరపాటు. కొన్ని తరుగవు సరికదా, పెరుగుటయు కలదు. శ్రమ కలిగినపుడు వెంటనే మేల్కొను చురుకుదనమే మందగించును.

అట్లయిన విటమిన్ మాత్రలు మ్రింగిన సరిపోదా? 1956లో హార్మన్ ముసలితనమునకు ఈ రవ్వలే మూలమని ప్రతిపాదించిన పిమ్మట చాలమంది అట్లే తలచిరి. 2016లో ప్రకటింపబడిన నార్వే పరిశోధనలో 60 ఏండ్లు దాటిన పురుషులు 12 వారములు బరువులెత్తిరి. కొందరికి దినమునకు 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దానితో విటమిన్ ఇ ఇచ్చిరి. బలము అందరికిని ఇంచుమించు సమానముగనే పెరిగెను. కండ మాత్రము మాత్రలు మ్రింగినవారికే తక్కువ పెరిగెను!

శ్రమ చేసినపుడు పుట్టు కొద్దిపాటి రవ్వలు కణమునకు హెచ్చరికలు. వానిని గ్రహించియే కణము క్రొత్త ఎంజైములను, మైటోకాండ్రియాలను తయారుచేసికొనును. తలుపు తట్టువానిని వీధిలోనే ఆపినచో ఇంటిలోనివారు లేచుటెట్లు?

దీనినిబట్టి జామపండును, ఉసిరికాయను అనుమానింపనక్కరలేదు. మన దేశమున పురుషునకు దినమునకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలునని 2020 నాటి సిఫారసు. ఒక మంచి జామపండులో అంతకు మించియే యుండును. చిక్కంతయు వేయి మిల్లీగ్రాముల మోతాదుతోనే.

ఇక మెట్ల విషయము. 1990లో బోస్టనులో తొంబది ఏండ్ల ప్రాయపు వృద్ధులకు ఎనిమిది వారములు కాళ్లతో బరువులెత్తించిరి. వారి కాళ్ల బలము రెట్టింపునకు మించెను.