ముందు తెలుపు, వెనక నలుపు

అమెరికాలో టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ లాంటి ఫ్యామిలీ వ్యాను కొత్తగా కొన్నవాళ్లందరి కంటా పడే విషయం ఒకటుంది. రెండో వరుస సీట్ల నుంచి వెనక డోరు దాకా అద్దాలన్నీ నల్లగా ఉంటాయి. డ్రైవరు తలుపు అద్దం, దాని ఎదుటి అద్దం మాత్రం తెల్లగా, లోపల కూర్చున్నవాళ్ల చొక్కా రంగు కూడా తెలిసేలా ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోని తెలుగు కుటుంబాల్లో ఈ వ్యాన్లు మామూలే. పిల్లలు, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు, వాళ్ల పెట్టెలు అన్నీ పట్టాలంటే అంత బండి కావాలి. టెక్సస్ ఎండకు ముందు సీట్లో కూర్చున్నవాళ్ల చెయ్యి చుర్రుమంటుంది. దాంతో కిటికీ అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించే టింట్ షాపుకు వెళ్తారు. అక్కడ చాలామంది అడిగే మాట ఒకటే: “వెనక ఎంత నలుపుందో ముందూ అంతే రావాలి.”

అడగడం తేలికే. చేయడానికి మాత్రం లెక్క, రంగు, చట్టం మూడూ అడ్డొస్తాయి.

అసలు ఈ తేడా డబ్బు మిగుల్చుకోవడానికి కంపెనీ చేసిన పని కాదు. డ్రైవరు బయటికి చూడ్డానికి అవసరమైన అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలని అమెరికా ఫెడరల్ వాహన భద్రతా ప్రమాణం 205 చెబుతుంది. క్యామ్రీ, అకార్డ్ లాంటి సెడాన్లలో కిటికీలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వ్యాన్లు, ఎస్‌యూవీలు, పికప్ ట్రక్కులది వేరే తరగతి. వాటిలో డ్రైవరు వెనకనున్న అద్దాలకు ఆ నిబంధన లేదు. అందుకే ఒకే కంపెనీ ఒకే ఏడాది చేసిన సెడాన్‌కు వెనక తెల్ల అద్దాలు, వ్యానుకు నల్ల అద్దాలు వస్తాయి.

వెనక కనిపించే ఆ నలుపు ఫిల్మ్ కాదు, గాజులోనే ఉంటుంది. గాజుల బట్టీలో రంగు వేసినట్టే, ఇనుము, కోబాల్ట్, సెలీనియం లాంటి వాటిని గాజు కరిగేటప్పుడే తగుపాళ్లలో కలుపుతారు. గీరినా పోదు, ఏళ్లు గడిచినా వెలిసిపోదు, బుడగలు లేవవు. అద్దంలోంచి ఎంత వెలుతురు దాటుతుందో చెప్పే కొలతను వీఎల్‌టీ అంటారు. అంకె తగ్గేకొద్దీ నలుపు పెరుగుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వెనక అద్దాలు ఎక్కువగా 15 నుంచి 26 శాతం మధ్యలో ఉంటాయి. 20 శాతం దగ్గర ఉండేవి చాలా మామూలు.

మరి ముందు అద్దాలకు 20 శాతం ఫిల్మ్ వేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తెల్లగా కనిపించే ముందు అద్దం కూడా వెలుతురును నూటికి నూరు పాళ్లు వదలదు. సాధారణంగా 70 నుంచి 80 శాతం దాకానే వదులుతుంది. దాని మీద ఫిల్మ్ వేస్తే రెండింటినీ కూడకూడదు, గుణించాలి. అద్దం 75 శాతం వదిలేదైతే, దానికి 20 శాతం ఫిల్మ్ వేశాక లోపలికి వచ్చేది 15 శాతమే. వెనకకన్నా ముందే నల్లబడుతుంది. అదే అద్దానికి 35 శాతం ఫిల్మ్ వేస్తే 26 శాతం వస్తుంది. వెనకనున్న 20తో అచ్చంగా కలవాలంటే 27 శాతం దగ్గరి ఫిల్మ్ కావాలి. ఫిల్మ్ మీద రాసిన అంకె అద్దం మీదికొచ్చాక అలాగే ఉండదన్న సంగతి తెలిస్తే సగం పని అయినట్టే.

ఇంత లెక్క వేసి సరిగ్గా 20 తెచ్చినా, కంటికి ముందు అద్దాలే పల్చగా కనబడతాయి. షాపువాడు మోసం చేశాడని కొందరు గొడవకు దిగేది ఇక్కడే. అతని తప్పేం లేదు. ముందు సీట్ల ఎదుట విండ్‌షీల్డ్ అనే పెద్ద తెల్ల అద్దం ఉంది, అందులోంచి వచ్చే వెలుతురంతా ముందు భాగంలో పడుతుంది. బయట నిలబడి చూసేవాడికి వెలుతురు పడిన సీట్లు, స్టీరింగ్, మనుషులు కనబడతారు. వెనక భాగంలోకి వెలుతురు వచ్చే దారులన్నీ నల్లవే. బండికి అడ్డంగా చూస్తే, ఆవలి వైపు వెలుతురు రెండు నల్ల అద్దాలు దాటి కంటికి చేరాలి. 20 శాతంలో 20 శాతం అంటే 4 శాతమే. పైగా సీట్లు లేత గోధుమ రంగువైతే అద్దం పల్చగా, నల్లవైతే ముదురుగా అనిపిస్తుంది. కాబట్టి మీటరు చూపిన అంకె ఒకటైనా చూపుకు తేడా కొంత మిగిలిపోతుంది. ఆ తేడాను ఫిల్మ్‌తో పోగొట్టాలని చూస్తే ముందు అద్దాలు చట్టం దాటిపోతాయి.

రంగు గొడవ ఇంకొకటి. ఫ్యాక్టరీ అద్దం చూడ్డానికి నలుపే అయినా, ఎండలో పరికిస్తే కొన్ని బండ్లలో ఆకుపచ్చ, కొన్నింటిలో నీలం, కొన్నింటిలో బూడిద ఛాయ తేలుతుంది. గాజులో ఇనుము పాలు ఎక్కువైతే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ఫిల్మ్‌లలోనూ ఎన్నో ఛాయలు. రంగు అద్దిన చవక ఫిల్మ్ మొదట్లో బాగా కలిసినట్టే ఉండి, కొన్నేళ్ల ఎండకు ఊదా రంగుకు తిరుగుతుంది. అప్పుడు ముందు ఊదా, వెనక నలుపు. లోహపు పొర ఉన్న ఫిల్మ్ బయటినుంచి అద్దంలా మెరుస్తుంది. వెనకనున్న మెరుపులేని గాజు పక్కన అది ఇమడదు. ఫోను, జీపీఎస్, టోల్ ట్యాగ్ సిగ్నళ్లకూ అడ్డం రావచ్చు. కార్బన్, సిరామిక్ ఫిల్మ్‌లకు ఈ బాధలు లేవు, రంగూ నిలుస్తుంది. అందుకే ఫ్యాక్టరీ అద్దానికి జోడీ వెతికేవాళ్లకు అనుభవమున్న షాపులు వీటినే చూపిస్తాయి. ఎంచుకునేది కూడా షాపు లోపల ట్యూబ్‌లైటు కింద కాకుండా బయట పగటి వెలుతురులో కావాలి. ముందు కిటికీకి నమూనా ముక్క పెట్టించి, నాలుగడుగులు దూరం వెళ్లి, వెనక అద్దంతో కలిపి చూడాలి.

ఇక్కడ వేడి గురించి ఒక మాట చెప్పక తప్పదు. నలుపు ఎక్కువైతే చల్లదనం ఎక్కువనుకుంటారు చాలామంది. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాల్లో ఉంటుంది. రంగు గాజు ఎండను పీల్చుకుని తానే వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికి వదులుతుంది. పరారుణ కిరణాలను అడ్డుకునేలా తయారైన సిరామిక్ ఫిల్మ్ దాదాపు తెల్లగా ఉన్నా, ముదురు నల్లటి చవక ఫిల్మ్‌కన్నా ఎక్కువ వేడిని ఆపగలదు. వెనక సీట్లో పసిపిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు, అద్దం నల్లగా ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. ఆ 20 శాతం గాజు మీద 70 శాతం సిరామిక్ ఫిల్మ్ వేయిస్తే దాటే వెలుతురు 14 శాతానికి దిగుతుంది, చూపుకు పెద్దగా మారదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. చర్మానికి చేటు చేసే అతినీలలోహిత కిరణాల సంగతీ అంతే. విండ్‌షీల్డ్ రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కాబట్టి వాటిని దాదాపు పూర్తిగా ఆపుతుంది. పక్క కిటికీల గాజు అంతగా ఆపదు. మంచి ఫిల్మ్, తెల్లదైనా నల్లదైనా, ఆ కిరణాలను 99 శాతం దాకా అడ్డుకుంటుంది.

చట్టం దగ్గరికి వస్తే, టెక్సస్‌లో ముందు పక్క అద్దాలకు ఫిల్మ్, గాజు రెండూ కలిపి 25 శాతం లేదా అంతకు ఎక్కువ వెలుతురు దాటాలి. అంటే వెనకనున్న 20తో అచ్చంగా కలిపితే చట్టం తప్పినట్టే. 75 శాతం గాజుకు 35 శాతం ఫిల్మ్ వేసినప్పుడు వచ్చే 26 గట్టెక్కుతుంది. నిబంధనలకు లోబడి ఉందని తెలిపే లేబుల్‌ను కూడా ఫిల్మ్‌కూ అద్దానికీ మధ్య అతికించాలి. వ్యక్తిగత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీని టెక్సస్ 2025 జనవరి నుంచి ఎత్తేసింది గానీ, టింట్ నిబంధన అలాగే ఉంది. రోడ్డు మీద ఆపిన పోలీసు మీటరు పెట్టి కొలవచ్చు.

మనవాళ్లకు అసలు చిక్కు ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లినప్పుడు వస్తుంది. ఫ్లోరిడాలో ముందు అద్దాలకు 28 శాతం చాలు. జార్జియాలో 32, అరిజోనాలో 33 ఉండాలి. కాలిఫోర్నియాలో ముందు అద్దాలకు వేసే ఫిల్మ్ రంగులేనిదై ఉండాలి, అది ఒక్కటే 88 శాతం వెలుతురు వదలాలి, గాజుతో కలిపి 70కి తగ్గకూడదు. న్యూజెర్సీలోనైతే వైద్య కారణంతో అనుమతి ఉంటే తప్ప ముందు పక్క అద్దాలకు ఫిల్మే వేయకూడదు. డాలస్‌లో ముచ్చటపడి వేయించిన టింట్ అక్కడి ఎడిసన్‌లో జరిమానా తెచ్చిపెట్టే వస్తువైపోతుంది.

ఆ బండి ఫొటోలు చూసి హైదరాబాదులోనో విజయవాడలోనో అలాగే చేయిద్దామనుకుంటే కుదరదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 100వ నియమం విండ్‌షీల్డ్‌కు, వెనక అద్దానికి 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం వెలుతురు ఉండాలంటుంది. అందుకే మన దగ్గర అమ్మే బండ్లకు అమెరికాలో లాంటి 20 శాతం పక్క అద్దాలు రావు. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు, ఎంత పల్చనిదైనా సరే, అద్దాలకు విడిగా ఫిల్మ్ అతికించకూడదని తీర్పిచ్చింది. ఆ తర్వాత 100వ నియమాన్ని సవరించారు, 2021 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ సవరణ ఆధారంగా 70, 50 శాతం హద్దులు దాటనంతవరకు ఫిల్మ్‌ను తప్పుపట్టరాదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు అంది. ఆ తీర్పు తెలుగు రాష్ట్రాల్లో నేరుగా కట్టుబాటు కాదు. ఇక్కడ ఫిల్మ్ వేయించాలనుకునేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ముదురు నలుపుకైతే ఎక్కడా దారి లేదు.

ముందు అద్దాలకు చట్టం ఇంత గట్టిగా పట్టుబట్టడంలో న్యాయముంది. రాత్రి వానలో మలుపు తిప్పేటప్పుడు డ్రైవరు ఆ అద్దంలోంచే సైడ్ మిర్రర్‌ను చూస్తాడు, రోడ్డు దాటే మనిషినీ చూస్తాడు. నాలుగు దారుల కూడలిలో ఎదుటివాడు ఇతని ముఖం చూసి ముందుకు రావాలా ఆగాలా అని తేల్చుకుంటాడు. వెనకకన్నా ముందు ఒక మెట్టు పల్చగా ఉండటమే సరైన పద్ధతి. ఆరు శాతం తేడాను రోడ్డు మీద వెళ్లేవాళ్లెవరూ పట్టించుకోరు.

షాపుకు వెళ్లేవాళ్లు డబ్బు కట్టకముందే ముందు అద్దాన్ని, వెనక అద్దాన్ని తమ కళ్లెదుటే మీటరుతో కొలిపించుకోవాలి. గాజు, ఫిల్మ్ కలిపి ఎంత వస్తుందో బిల్లు మీద రాయించుకోవాలి. వేశాక మూడు నుంచి ఐదు రోజులు కిటికీలు దించకూడదు. మొదటి రెండు మూడు వారాలు నీటి బుడగలు, మసక ఉంటే కంగారు పడొద్దు, తడి ఆరాకే రంగు కలిసిందో లేదో తేల్చాలి. పాత ఫిల్మ్ తీయించాల్సి వస్తే వెనక అద్దం మీది డీఫాగర్ గీతలు దెబ్బతినకుండా చేయగల షాపునే వెతుక్కోవాలి. ఏడాదిలోపు న్యూజెర్సీకో కాలిఫోర్నియాకో మారే ఆలోచన ఉన్నవాళ్లు ముందు అద్దాలను ముట్టుకోకుండా ఉంచి, ఆ డబ్బుతో వెనక అద్దాలకు సిరామిక్ ఫిల్మ్ వేయించుకోవడం మేలు.