డ్రాగన్ పూత రాలుతున్నదా? పుప్పొడిని పరిశీలించండి

సరిహద్దు మెట్ట పొలాలలో సిమెంటు స్తంభాల మీదికి పాకిన డ్రాగన్ ఫలపు తోటలు ఇప్పుడు కొత్త దృశ్యం కావు. 2021లో గుజరాత్ ప్రభుత్వం ఈ పండుకు ‘కమలం’ అని పేరు పెట్టింది. ఏ పేరుతో పిలిచినా పెట్టుబడి మాత్రం భారీగానే ఉంటుంది. అందువలన పూత నిండుగా వచ్చి, పిందె నిలువక పసుపుబారి రాలిపోయినప్పుడు ఆ కుటుంబం పడే వేదన చిన్నది కాదు. నేల, నీరు, తెగులు కారణం కావచ్చు. అయితే ఎర్ర కండ రకాలలో మొదట అనుమానించవలసినది పుప్పొడిని.

పిల్లలు కన్నడ పాఠంలో ‘పరాగస్పర్శ’ అని, తెలుగు పాఠంలో ‘పరాగ సంపర్కం’ అని చదివేది దీనినే. సుమారు అడుగు పొడవుండే ఈ పువ్వు చీకటి పడ్డాక విచ్చుకొని, మరునాటి ఎండకు వాడిపోతుంది. దానికి ఉన్నది ఒక్క రాత్రే. పుట్టినింటి దేశాలైన మెక్సికో, మధ్య అమెరికాలలో గబ్బిలాలు, రాత్రివేళ ఎగిరే పెద్ద రెక్కల పురుగులు పుప్పొడిని మోస్తాయి. మన తోటలలో తెల్లవారుజామున వచ్చే తేనెటీగలే దిక్కు. పైగా చాలా రకాలలో కీలాగ్రం కేసరాలకంటె ఎత్తుగా ఉంటుంది కనుక పుప్పొడి తనంతట తాను దానిని చేరడం కష్టం.

తెల్ల కండ రకం సాధారణంగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. పసుపు తొక్క రకానిదీ అదే తీరు. ఎర్ర కండ రకాలలో పెక్కు తమ పుప్పొడిని తామే నిరాకరిస్తాయి. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1994లోనే ఈ భేదాన్ని ప్రకటించారు. అన్ని ఎర్ర రకాలూ ఇంతే అనుకోరాదు. ‘అమెరికన్ బ్యూటీ’ వంటివి స్వయంగా ఫలిస్తాయి.

“నా తోటలో వెయ్యి మొక్కలున్నవి కదా, పక్క మొక్క పుప్పొడి చాలదా?” అని అడిగేవారున్నారు. చాలదు. ఒకే తల్లి మొక్క నుండి కోసిన కాండపు ముక్కలు ఎన్ని నాటినా, జన్యువుల లెక్కలో అవన్నీ ఒకే మొక్క. పక్క స్తంభం పుప్పొడి కూడా తన సొంత పుప్పొడే అవుతుంది.

కాబట్టి ఎర్ర రకం వరుసల నడుమ, అదే రోజులలో పూచే తెల్ల రకాన్ని అక్కడక్కడ నాటాలి. తేనెటీగలు చాలకపోతే చేతితో చేయవచ్చు. పువ్వు విచ్చిన రాత్రి గాని, వాడకముందు తెల్లవారుజామున గాని, తెల్ల రకం పుప్పొడిని గిన్నెలోకి దులిపి, మెత్తని కుంచెతో ఎర్ర రకం కీలాగ్రం నిండా అద్దాలి. పైపైన తాకిస్తే సరిపోదు. గింజలు ఎంత ఎక్కువ కడితే పండు అంత బరువు తూగుతుంది. వాన పడుతున్నప్పుడు పుప్పొడి తడిసి పాడవుతుంది. పూత రోజులలో పురుగుమందు చల్లితే ఉన్న తేనెటీగలు కూడా చస్తాయి.

పుప్పొడి సరిగా అందిన పువ్వు అడుగుభాగం వారం దాటినా పచ్చగా నిలిచి ఉంటుంది. అక్కడి నుండి లెక్కిస్తే, పూచిన సుమారు 30 రోజులకు కాయ రంగు తిరుగుతుంది.