పత్తిగింజ చెప్పిన నిజం

పెళ్లయి రెండేళ్లు దాటినా ఇంట్లో ఉయ్యాల ఊగకపోతే చాలు, సలహాలు మొదలవుతాయి. ‘పాలలో అశ్వగంధ పొడి కలిపి ఇవ్వండి’, ‘పల్లేరుకాయల కషాయం తాగించండి’, ‘చెట్టు మందే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు’... వనపర్తి జిల్లా కొత్తకోటలోనే కాదు, ఏ ఊళ్లోనైనా వినిపించే మాటలే ఇవి. మరి చెట్టు మందు నిజంగానే చెడు చేయదా? దీనికి జవాబు పాలమూరు రైతుకు బాగా తెలిసిన పంటలోనే ఉంది. అదే పత్తి!

చైనాలో 1950ల ప్రాంతంలో కొన్ని పల్లెల వాళ్లు శుద్ధి చేయని పత్తిగింజల నూనెతో వంట చేసుకున్నారు. అక్కడ పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. ఆరా తీస్తే, గింజలోని గాసిపాల్ అనే పసుపుపచ్చ పదార్థం మగవారిలో వీర్యకణాల తయారీని దెబ్బతీస్తోందని తేలింది. దీన్నే మగవారి కుటుంబ నియంత్రణ మాత్రగా వాడొచ్చన్న ఆలోచనతో 1970ల్లో 8 వేల మందికి పైగా ఇచ్చి చూశారు. మాత్ర పనిచేసింది. కానీ కొందరి రక్తంలో పొటాషియం పడిపోయింది. ఇంకొందరికి మందు మానేసినా వీర్యకణాలు తిరిగి రాలేదు. ఆ పరిశోధన ఆపేయడమే మంచిదని 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. అలాగని పత్తి చేలో పనిచేసేవాళ్లు భయపడక్కర్లేదు. శుద్ధి చేసిన నూనెలో గాసిపాల్ దాదాపు ఉండదు.

పెరట్లో బొప్పాయిదీ ఇలాంటి కథే. దాని గింజల సారాన్ని జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కొండముచ్చులకు ఇస్తే మూడు నెలల్లో వీర్యకణాలు మాయమయ్యాయి. ఆపేశాక 150 రోజుల్లో మళ్లీ మామూలయ్యాయి. ఇది 2002 నాటి మాట. పండు తింటే ఏమీ కాదు.

మేలు చేసే మొక్కలు లేవా అంటే, ఉన్నాయి. లక్నో వైద్య విశ్వవిద్యాలయంలో సంతానం లేని 75 మంది మగవారికి మూడు నెలలపాటు రోజుకు 5 గ్రాముల దూలగొండి గింజల పొడి ఇచ్చారు. వీర్యకణాల సంఖ్య, కదలిక మెరుగుపడ్డాయని 2009లో ప్రకటించారు. అశ్వగంధతోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. అయితే ఇవి చిన్న అధ్యయనాలు. దూలగొండి అధ్యయనంలోనైతే మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోల్చి చూడలేదు. పైగా అశ్వగంధతో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. దూలగొండి గింజలో ఉండే ఎల్-డోపా వణుకుడు జబ్బుకు డాక్టర్లు ఇచ్చే మందే. కాబట్టి ఇష్టమొచ్చినంత మింగేవి కావివి.

అన్నిటికన్నా పెద్ద నష్టం కాలానిది. వృషణాల దగ్గర సిరలు ఉబ్బినా, వీర్యం వచ్చే దారి మూసుకుపోయినా ఏ కషాయమూ దాన్ని సరిచేయలేదు. ఇవి తేలకుండానే పొడులతో ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా భార్య వయసు పెరుగుతుంది, ‘గొడ్రాలు’ అన్న మాట కూడా ఆమే పడుతుంది. నిజానికి సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి లోపమూ ఉంటుంది.

అది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి వీర్య పరీక్ష చేయించుకుంటే చాలు. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కనీస ప్రమాణం. తక్కువ వస్తే కంగారు పడకుండా మరోసారి చేయించుకోవాలి. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది మరి. పొగాకు, మద్యం మానేసి, వాడుతున్న పొడులేమిటో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే ఆసుపత్రికి భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్లాలి.