నీమా వీధిలో బొబ్బర్ల గారెలు

అక్రాకు కొత్తగా వచ్చినప్పుడు నాకు మూడు సలహాలు అందాయి. నీళ్ళు కాచి తాగమన్నారు, దోమతెర కట్టుకోమన్నారు, కారు లేకుండా గేటు దాటొద్దన్నారు. మొదటి రెండూ డాక్టరుగారు చెప్పినవి. మూడోది మనవాళ్ళు చెప్పింది. నేను మూడింటినీ ఒకే గాటన కట్టేశాను. ఇల్లు, పాప స్కూలు, సూపర్‌మార్కెట్, ఇండియన్ షాపు. దాదాపు ఏడాదిపాటు నాకు ఘనా అంటే ఇంతే. మిగతా ఊరంతా కారు అద్దంలోంచి చూసిందే.

మా ఇంట్లో పనికి సాయం చేసే ఆంటీ నీమా నుంచి వస్తుంది. ఒకరోజు పొద్దున్నే కాగితంలో చుట్టిన వేడివేడి గారెల్లాంటివి తెచ్చి, ఒకటి మా ఆరేళ్ళ పాప చేతిలో పెట్టబోయింది. పాప చెయ్యి వెనక్కి లాక్కుని, "వద్దమ్మా, ఆమె చెయ్యి మురికి" అంది, తెలుగులో. ఆంటీకి తెలుగు రాదు. కానీ ఆ మొహం చూస్తే అర్థం కావడానికి భాష ఎందుకు? ఆవిడ ఏమీ అనకుండా పొట్లం గట్టు మీద పెట్టి, గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

రోజూ మేం తినే కంచాలు కడిగే చెయ్యి అది. ఆ మాట పాపకి స్కూల్లో ఎవరూ నేర్పలేదు. వారాంతాల్లో మనవాళ్ళం కలిసినప్పుడు అనుకునే మాటలు, ఫోన్లో మా అమ్మతో నేననే మాటలు పక్కన ఆడుకుంటూ వినేది. అంటే నేర్పింది నేనే.

సిగ్గుతో ఆ పొట్లం విప్పి ఒకటి నోట్లో పెట్టుకున్నాను. సగం నమిలి ఆగిపోయాను. బాపట్లలో మా నాయనమ్మ చేసే బొబ్బర్ల గారె అది! పైన కరకర, లోపల మెత్తన, మధ్యలో ఉల్లిపాయ, మిరప. కరివేపాకూ జీలకర్రా లేవు, అంతే తేడా. పేరేమిటని అడిగితే "కోసే" అంది ఆంటీ. ఎక్కడ దొరుకుతుందంటే మా వీధి చివర అంది. "నన్ను తీసుకెళ్తారా?" అన్నాను. ఆవిడ కాసేపు నా వంక చూసి, "అక్కడికి మీ కారు రాదు మేడమ్" అంది. నడుద్దామన్నాను.

నీమాలో పొద్దుటి పూట

నీమా ఊరికి దూరంగా ఎక్కడో లేదు, అక్రా నడిబొడ్డునే ఉంది. పెద్ద పెద్ద ఇళ్ళున్న పేటలు పక్కనే. ఇలాంటి పేటని ఇక్కడ 'జోంగో' అంటారు. బయటినుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పేట అని దాని అర్థం, హౌసా మాట. ఘనా ఉత్తర ప్రాంతాల నుంచీ, నైజీరియా, నైజర్, బుర్కినా ఫాసో, మాలీల నుంచీ బతుకుదెరువు కోసం వచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ ఇక్కడ ఉంటారు. ఎక్కువమంది ముస్లింలు. ఇంట్లో ఎవరి భాష వారిది, వీధిలో అందరిదీ హౌసా. అంటే వాళ్ళూ మనలాగే ఊరు వదిలి వచ్చినవాళ్ళే.

రేకుల కప్పులు, మూత లేని కాలువలు, ఒకే వాకిట్లో నాలుగైదు కుటుంబాలు. తెల్లవారకముందే కట్టెల పొయ్యిలు వెలిగిపోతాయి. వీధి చివర ఒకామె పెద్ద బాణలిలో కోసే వేస్తుంటే, పక్కనే ఇంకొకామె పెద్ద గిన్నెలోంచి గరిటెతో 'కోకో' పోస్తోంది. చాక్లెట్‌కి వాడే కోకో కాదు ఇది, సజ్జ జావ. సజ్జలు నానబెట్టి, అల్లం, లవంగం, మిరియం లాంటివి కలిపి రుబ్బి, పులియబెట్టి కాస్తారు. పుల్లగా, ఘాటుగా ఉంటుంది. పంచదార కలుపుకుని కోసేతో తాగుతారు. మన అంబలి గుర్తురాకుండా ఉండదు.

ఈ పోలిక కాకతాళీయం కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది. బొబ్బర్లు (రాయలసీమవాళ్ళ అలసందలు) పుట్టిందే ఆఫ్రికాలో. ఘనా మధ్య ప్రాంతంలో, కింటాంపో సంస్కృతి నాటి స్థలాల్లో మూడున్నర వేల ఏళ్ళకు పైబడిన బొబ్బర గింజలు తవ్వకాల్లో దొరికాయి. సజ్జని మొదట సాగుచేసింది సహారాకి దక్షిణాన ఉన్న పశ్చిమాఫ్రికా ప్రాంతంలో. జొన్న, రాగి, ఆఖరికి చింతపండు కూడా ఆఫ్రికావే. మన నాయనమ్మల వంటింట్లో సగం సరుకులు ఈ ఖండం నుంచి వేల ఏళ్ళ క్రితం వచ్చినవే. మిరపకాయా, వేరుశనగా మాత్రం మనకీ వీళ్ళకీ కూడా అమెరికా ఖండం నుంచే వచ్చాయి. బియస్సీ చదివాను గానీ, ఈ సంగతి తెలియడానికి నీమా వీధిలో నిలబడాల్సి వచ్చింది.

రెండు అడుగులు వేస్తే 'వాచే' దుకాణం. బియ్యం, బొబ్బర్లు కలిపి వండే అన్నం ఇది. దాంట్లో ఎండు జొన్న ఆకు తొడుగులు వేసి ఉడికిస్తారు. వాటిలోని రంగు దిగి అన్నం ముదురెరుపుగా మారుతుంది. గింజ త్వరగా ఉడకడానికి చిటికెడు క్షారం వేస్తారు, మనం శనగల్లో వంటసోడా వేసినట్టే. వెడల్పాటి ఆకులో పెట్టి ఇస్తారు. వరసలో తాపీమేస్త్రీ, యూనిఫాంలో బడిపిల్ల, మెడలో టై కట్టుకున్న ఉద్యోగి. కొలత ఉండదు, ఇన్ని సెడీలకి పెట్టు అని అడగడమే.

నా వంతు వచ్చింది. కుడిచేతిలో సంచి ఉందని ఎడమచేత్తో డబ్బు చాపాను. ఆమె తీసుకోలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆంటీ నా మోచెయ్యి మెల్లగా తట్టింది. ఎడమచేత్తో ఇవ్వడం ఇక్కడ తప్పు. మన దగ్గరా తప్పే కదా! మా నాయనమ్మ అయితే చేతిమీద ఒకటి వేసేది. పరాయి ఊళ్ళో మర్యాదలు వేరేగా ఉంటాయనుకుని, నా ఇంటి మర్యాదే మర్చిపోయాను. సంచి కింద పెట్టి, కుడిచేత్తో ఇచ్చి, సారీ చెప్పాను. ఆమె నవ్వి ఇంకో గరిటె ఎక్కువే వేసింది.

ట్రోట్రోలో జేమ్స్‌టౌన్‌కి

తర్వాతి నెల ట్రోట్రో ఎక్కి సముద్రపు ఒడ్డున ఉన్న జేమ్స్‌టౌన్‌కి వెళ్ళాం. ట్రోట్రో అంటే మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి పాత వ్యాను. ఒకప్పుడు టికెట్ మూడు పెన్నీలు, గా భాషలో మూడు పెన్నీలకున్న మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. తలుపు దగ్గర నిలబడే 'మేట్' "సర్క్! సర్క్! సర్క్!" అని అరుస్తుంటాడు. క్వామే ఎన్‌క్రూమా సర్కిల్‌కి వెళ్తుందని. కోఠీ, దిల్‌సుఖ్‌నగర్ కేకలు విన్న చెవులకి కొత్తేమీ కాదు.

జేమ్స్‌టౌన్ అక్రాలోని పాత పేట, గా జాతి జాలరులది. 1673లో ఇంగ్లీషువాళ్ళు కట్టిన జేమ్స్ ఫోర్ట్ ఇక్కడే ఉంది. తర్వాత అది జైలయింది. స్వాతంత్ర్య పోరాటంలో ఎన్‌క్రూమాని అందులోనే పెట్టారు. 1951లో జైల్లో ఉండగానే ఎన్నికల్లో గెలిచి బయటికొచ్చాడు. 1957 మార్చి 6న దేశం స్వతంత్రమయింది. ఆ పక్కనే ఉన్న బుకోమ్ బాక్సర్లకి పేరు. ఖాళీ జాగా కనిపిస్తే పిల్లలు పిడికిళ్ళు బిగించేస్తారు.

నన్ను చూడగానే పిల్లలు "ఒబ్రోనీ!" అంటూ వెంటపడ్డారు. తెల్లవాళ్ళనీ, పరాయి దేశస్థులనీ పిలిచే పిలుపు అది. బాపట్లలో సంబంధాలు చూసేటప్పుడు నా రంగు గురించి విన్న మాటలు గుర్తొచ్చి, నడిరోడ్డు మీద నవ్వాగలేదు.

అక్కడే ఒక తప్పు చేశాను. రంగురంగుల పడవలు, వాటి ముందు చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళు. బాగుందని ఫోన్ తీసి ఫొటో కొట్టాను. ఒకామె లేచి గట్టిగా కేకలేసింది. ఆంటీ అర్థం చెప్పింది: "మా ఒళ్ళు చెమటలో ఉన్నప్పుడు ఫొటో తీసి ఎవరికి చూపిస్తావు?" అందట. జవాబు లేదు. మా సూర్యలంక తీరంలో మా పెద్దమ్మ చెమటలో ఉండగా ఎవరో ఒకరు కారు దిగి ఫొటో తీస్తే నేనేమంటాను? ఆమె ముందే దాన్ని తీసేశాను. ఆ తర్వాత మాటలు కలిసినవాళ్ళని అడిగే తీశాను. చాలామంది సరదాగా ఒప్పుకున్నారు, కొందరు వద్దన్నారు.

జేమ్స్‌టౌన్ తిండి కెంకే. మొక్కజొన్నలు రెండు రోజులు నానబెట్టి, పిండి పట్టించి, ముద్ద చేసి పులియబెడతారు. అందులో కొంత సగం ఉడికించి, మిగతా పచ్చిపిండితో కలిపి, మొక్కజొన్న పొత్తు మీది రేకుల్లో చుట్టి గంటలకొద్దీ ఉడికిస్తారు. మన ఇడ్లీ పిండిని పులియబెట్టే ల్యాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా లాంటివే ఇక్కడా పనిచేస్తాయి. మట్టి గిన్నెలో నూరిన పచ్చిమిరప, టమాటా, ఉల్లిపాయ పచ్చడీ, వేయించిన చేపా పక్కన పెడతారు. రోటి పచ్చడి తిన్న నోరు కాబట్టి నాకు వెంటనే నచ్చింది. గా వాళ్ళ పెద్ద పండగ పేరు హోమోవో. ఆకలిని ఎగతాళి చేయడం అని అర్థం. ఆకలి తెలిసినవాళ్ళు పెట్టుకోగల పేరు.

బరువు మోసేవాళ్ళు

నేను తిరిగిన ప్రతిచోటా వండేదీ, అమ్మేదీ, లెక్క చూసేదీ ఆడవాళ్ళే. ఊళ్ళో పెద్ద బజారు మకోలా వాళ్ళ రాజ్యం. 1979లో ధరలు పెరగడానికి ఈ వ్యాపారస్తురాళ్ళే కారణమంటూ సైనిక ప్రభుత్వం మకోలా నంబర్ వన్ మార్కెట్‌ని కూల్చేసింది. మార్కెట్ పోయినా ఆడవాళ్ళు పోలేదు. ఇవాళ అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు.

అదే బజారులో తల మీద పెద్ద బేసిన్‌తో తిరిగే అమ్మాయిలు కనిపిస్తారు. 'కాయాయే' అంటారు వాళ్ళని. ఉత్తరాది పల్లెల నుంచి వచ్చి, కూలికి బరువులు మోస్తారు. కొందరికి పదిహేనేళ్ళు కూడా ఉన్నట్టు అనిపించవు. ఒకమ్మాయి వీపున పసిబిడ్డని కట్టుకుని నా సామాను తలకెత్తుకుంది. నేను ఖాళీ చేతులతో వెనక నడిచాను. తిండి రుచుల గురించి రాస్తూ ఆ అమ్మాయిని రాయకపోతే అబద్ధమే అవుతుంది.

మీరూ వెళ్తానంటే

భయాలన్నీ ఉత్తవని నేననను. 2014లో అక్రాలో కలరా బాగా ప్రబలింది. మూత లేని కాలువలు నిజమే. అందుకని కొన్ని పాటిస్తాను. కళ్ళముందు నూనెలోంచి, పొయ్యి మీదినుంచి తీసిందే తింటాను. జనం వరసకట్టిన చోటే కొంటాను, అక్కడ వంట నిలవ ఉండదు. కోసిన పండ్లు, పచ్చి కూర ముక్కలు తినను. తాగడానికి ఇంటి నీళ్ళ సీసానే.

శాకాహారులకు కోసే, కోకో, అల్లం మిరప పట్టించి వేయించిన పండు అరటి 'కెలెవెలే', కాల్చిన అరటికాయతో వేరుశనగలు బాగుంటాయి. వాచే అన్నం వరకూ శాకాహారమే గానీ, పైన వేసే నల్లటి 'షిటో' కారంలో ఎండు చేప, రొయ్య ఉంటాయి, వద్దని ముందే చెప్పండి. గోంగూర జాతి మొక్క ఎర్రటి రక్షకపత్రాలతో చేసే 'సొబోలో' పానీయం ఇంట్లో కాచుకోవచ్చు. తెలిసిన స్థానికురాలితో పగటిపూట వెళ్ళండి. ఆవిడ రోజు కూలి పోకుండా చూడండి.

పాప మాటకి ఆంటీకి క్షమాపణ చెప్పాను, ట్రోట్రోలో కూర్చున్నప్పుడు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "చిన్నపిల్ల" అంది. కాసేపాగి, "పెద్దవాళ్ళు మాట్లాడిందే వింటారు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

తర్వాత పాపని కూడా నీమాకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. మొదటిసారి నా కొంగు వదల్లేదు. రెండోసారి కోసే చేతిలోకి తీసుకుని తినలేదు. మూడోసారి కోసే వేసే ఆమె, పాప ఏ వారం పుట్టిందని అడిగింది. ఇక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు ఉంటుంది. శుక్రవారమని చెప్పాను. "అయితే అఫియా!" అని, బాణలిలోంచి తీసిన కోసే ఊది, చల్లార్చి ఇచ్చింది. పాప కుడిచేత్తో అందుకుని తినేసింది.

మొన్న మనవాళ్ళం కలిసినప్పుడు ఒక గిన్నెడు కోసే తీసుకెళ్ళాను. "అబ్బ, బొబ్బర్ల గారెలు! ఎవరు చేశారు?" అన్నారంతా. నీమాలో రోడ్డు మీద కొన్నానని చెప్పాను. ఒకావిడ చేతిలోది మెల్లగా ప్లేట్లో పెట్టేసింది. ఇంకో ఇద్దరు మాత్రం తింటూనే, "ఈసారి వెళ్ళేటప్పుడు మాకూ చెప్పు" అన్నారు. వచ్చే శనివారం నలుగురం వెళ్తున్నాం, ఆంటీతో కలిపి.