వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు!

పిల్లలూ! మొన్న రాత్రి మా అమ్మాయి పరీక్ష దరఖాస్తు పంపబోతుండగా ఇంటర్నెట్ ఆగిపోయింది. గడువు ఆ అర్ధరాత్రి వరకే. ఫోనులో మాత్రం వైఫై గుర్తు నిండుగా కనిపిస్తోంది! ఇదెలా సాధ్యం?

ఇంటర్నెట్ వచ్చే దారిలో రెండు భాగాలున్నాయి. ఫోను నుంచి రౌటర్ దాకా రేడియో తరంగాలు. రౌటర్ నుంచి బయటికి, మా ఇంట్లోలాగా ఫైబర్ ఉంటే, సన్నని గాజుతీగలో కాంతి. వైఫై గుర్తు మొదటి భాగం సంగతే చెబుతుంది.

కనుక ముందు ఏ భాగం చెడిందో తేల్చాలి. రౌటర్ అడుగున ఉన్న చిరునామాను ఫోను బ్రౌజరులో కొట్టండి. చాలావాటికి అది 192.168.1.1. పేజీ తెరుచుకుంటే మొదటి భాగం బాగున్నట్లే. ఇక దీపాలు చూడండి. ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే, బయటి నుంచి కాంతి అందడం లేదన్నమాట.

మాకు అదే వెలిగింది. వెతికితే, తీగ బల్ల వెనుక మడతపడి ఉంది. గాజుతీగ బాగా వంగితే కాంతి లోపల నిలవక బయటికి జారిపోతుంది. మెల్లగా సరిచేశాం. దీపం ఆరింది, దరఖాస్తు వెళ్లింది!

రెండు జాగ్రత్తలు. తీగ ఊడదీసి కొసలోకి చూడకండి. అందులోని పరారుణ కిరణాలు కంటికి కనిపించవు గాని హాని చేయగలవు. చిన్న రంధ్రంలోని రీసెట్ మీట నొక్కకండి. అమరికలన్నీ చెరిగిపోతాయి. స్విచ్ ఆపి, అర నిమిషం తర్వాత వేస్తే ఆ భయం లేదు.

మీ రౌటర్ బాగున్నప్పుడు ఏ దీపాలు వెలుగుతాయో ఈ రోజే రాసిపెట్టుకోండి. చెడినప్పుడు తేడా ఇట్టే తెలుస్తుంది.